వెలుతురు దిద్దండి, మనిషిని చెరపకండి

మన గోడపత్రిక పక్కన ఖాళీగా ఉండే బోర్డు మీద ఈ జూన్ నుంచి రోజుకో ఫోటో కనిపిస్తోంది. ఎవరో ఒకరు పొద్దున కాలేజీకి వస్తూ దారిలో తీసింది, ఫోన్‌లోనే సరిచేసి, గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ అంగడిలో ప్రింటు వేయించి అతికిస్తున్నారు. ఇంటర్వెల్‌లో అక్కడ నలుగురు నిలబడి చూడటం మామూలైపోయింది. సైన్స్ బ్లాక్ వాళ్ళు కూడా వచ్చి చూసి పోతున్నారు. తెలుగు డిపార్ట్‌మెంట్ వైపు ఇంతమంది ఊరికే వచ్చిన రోజులు నాకు తెలిసి లేవు.

ఇది మంచి అలవాటు. ఎడిటింగ్ మానెయ్యమని కూడా నేను చెప్పను. నేనూ చేస్తాను. ఒక్క పని మాత్రం మన బోర్డు మీద వద్దంటాను. ఫోటోలో ఉన్న మనిషినో, వస్తువునో, అక్షరాన్నో వేలితో రుద్ది మాయం చేసి, ఆ చోటును ఫోన్ ఊహించిన దానితో నింపడం. ఈ మాట కొందరికి చాదస్తంగా అనిపిస్తుందని తెలుసు. అందుకే కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపికగా చదవండి.

రోజూ ఒక ఫోటో తీయాలి అని పెట్టుకుంటే మొదటి వారం చాలా సులువు. మెరీనా ఉంది, లైట్‌హౌస్ ఉంది, సెంట్రల్ స్టేషన్ ఎర్ర గోడలున్నాయి, రిప్పన్ బిల్డింగ్ తెల్ల గోడలున్నాయి. ఎనిమిదో రోజుకి అవన్నీ అయిపోతాయి. అసలు పని అప్పుడు మొదలవుతుంది. రోజూ పోయే దారిలోనే, నిన్న చూసిన దాంట్లోనే ఏదో ఒకటి వెతుక్కోవాలి. అలా వెతికేటప్పుడే మనం ఇన్నేళ్ళుగా ఆ దారిని చూడకుండా నడిచామని తెలుస్తుంది.

నేను నడిచేది టంకసాల వీధి చుట్టుపక్కల. మింట్ స్ట్రీట్ అంటే అందరికీ తెలుసు. కంపెనీ వాళ్ళ నాణేల టంకసాల అక్కడ ఉండేది కాబట్టి ఆ పేరు. తమిళంలో తంగసాలై అంటారు. తంగం అంటే బంగారం, సాలై అంటే రోడ్డు అని విడదీసి, ఒకప్పుడు అక్కడ బంగారం అంగళ్ళు ఉండేవి కాబోలు అని చెప్పేవాళ్ళని విన్నాను. మన చెవికి మాత్రం టంకసాల టంకసాలలాగే వినిపిస్తుంది. ఆ వీధి ఉత్తరం దక్షిణంగా పొడుగ్గా పోతుంది. అందుకని పొద్దున ఏడింటికి ఎండ పడమటి వైపు మేడల పైఅంతస్తుల మీదే పడుతుంది, కింద వీధంతా నీలంగా నీడలో ఉంటుంది. వీధి నేల మీదకి ఎండ దిగాలంటే పదకొండు దాటాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, రోజూ ఫోటో తీయడం వల్ల తెలిసింది. అలాగే మైలాపూరు కపాలీశ్వరస్వామి గుడి కోనేరు పడమటి వైపు ఉంటుంది కాబట్టి, కోనేటి గట్టు మీద నుంచి గోపురం తీయాలంటే సాయంత్రమే వెళ్ళాలి. పొద్దున వెళ్తే గోపురం నల్లగా వస్తుంది. ఇలాంటివి తెలిసినప్పుడు ఊరు కొంచెం మనదైనట్టు ఉంటుంది.

ఎడిటింగ్ సంగతికి వస్తాను. ఫోటో అంటే నిజం, ఎడిటింగ్ అంటే అబద్ధం అని కొందరు అంటారు. మన మేడమ్ ఒకరు కూడా మొన్న అలాగే అన్నారు, ఆవిడ మీద గౌరవంతోనే కాదంటున్నాను. దిద్దకుండా ఫోటో ఎప్పుడూ లేదు. స్టూడియోల్లో నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు దిద్దేవాళ్ళు. మన ఇళ్ళల్లో గోడకి వేలాడే పాత పెళ్ళి ఫోటోలు చూడండి, బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి చేత్తో రంగు వేసి చీరకి ఎరుపు, నగలకి పసుపు అద్దినవి దొరుకుతాయి. ఇప్పటి ఫోన్ అయితే మనం బటన్ నొక్కగానే నాలుగైదు ఫోటోలు తీసి, వాటిని కలిపి ఒకటిగా చేసి ఇస్తుంది. ఎండలో ఉన్న మేడ, నీడలో ఉన్న వాకిలి రెండూ కనిపించడానికి అదే కారణం. అంటే మన చేతికి వచ్చేసరికే అది ఎడిట్ అయిన ఫోటో.

ఇంకా వెనక్కి పోతే, మన మద్రాసులోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 1850లలో కెప్టెన్ లినేయస్ ట్రైప్ అని ఒకాయన మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రభుత్వ ఫోటోగ్రాఫర్‌గా పనిచేశాడు. మధుర, తంజావూరు గుళ్ళ తొలి ఫోటోల్లో ఆయన తీసినవి చాలా పేరున్నవి. అప్పుడు ఫిల్ము లేదు, పెద్ద పెద్ద కాగితం నెగటివులు. ఆ కాగితానికి పూసే మందు నీలం రంగుకి మరీ తొందరగా స్పందించేది, అందుకని ఆకాశం ఎప్పుడూ తెల్లగా, ఖాళీగా వచ్చేది. ట్రైప్ ఏం చేశాడంటే, నెగటివ్ మీద రంగు పూసి మేఘాలు వేశాడు. చెట్ల ఆకులు సరిగ్గా రాని చోట వాటినీ దిద్దాడు. ఇవాళ మనం ఫోన్‌లో ఆకాశం మార్చడానికీ దానికీ తేడా ఏముందని అడగొచ్చు. అడగాల్సిందే. నాకైతే ఆ మేఘాలు కొంచెం ఇబ్బందే. కానీ ఆయన ఇంకో పని కూడా చేశాడు. తంజావూరు పెద్దగుడి అడుగున చుట్టూ చెక్కిన శాసనాన్ని వరసగా 21 ఫోటోలుగా తీసి, ఒకదాని పక్కన ఒకటి అతికించి, సుమారు 19 అడుగుల పొడవున ఒకే పటంగా చేశాడు. గుడి అందంగా కనిపించాలని చేసిన పని కాదది. రాతి మీద అక్షరం ఎలా ఉందో అలా దాచాలని చేసిన పని. అదే 1858లో మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలనీ తీశాడు. వాల్టర్ ఎలియట్ తవ్వించి ఇక్కడికి తెప్పించిన రాళ్ళవి. మరుసటి ఏడే వాటిలో చాలా భాగం ఓడెక్కి లండన్ పోయాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మనం ఎగ్మోరు మ్యూజియంకి వెళ్ళినప్పుడు చూసేవి మిగిలినవీ తరవాత వచ్చినవీ. పోయిన రాళ్ళు ఇక్కడ ఉన్నప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో చెప్పే సాక్ష్యాల్లో ట్రైప్ ఫోటోలు ఒకటి. విరిగిన అంచుని ఆయన తన ఇష్టానికి పూరించి ఉంటే ఆ సాక్ష్యం దేనికి పనికొచ్చేది?

కాబట్టి నా లెక్క ఇది. కెమెరా చూడలేకపోయిన దాన్ని చూపించడానికి దిద్దుకోవచ్చు. కెమెరా చూసిన దాన్ని లేదని చెప్పడానికి దిద్దకూడదు. నీడలు కొంచెం తేల్చడం, వంకరగా వచ్చిన గోడని నిలబెట్టడం, రాత్రి వీధిలైట్ల కింద పచ్చగా వచ్చిన మొహానికి మామూలు రంగు తెప్పించడం, అంచులు కోసెయ్యడం, ఇవన్నీ స్నాప్‌సీడ్ లాంటి ఉచిత యాప్‌లో రెండు నిమిషాల పని. చెయ్యండి. బాగా చెయ్యడం కూడా ఒక విద్యే. చాలామంది రంగుల గీటుని చివరిదాకా లాగేసి, చామంతి పూలని నిప్పుకణికల్లా చేస్తున్నారు. అది అబద్ధమని నేననను, కంటికి నొప్పి అంటాను, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల మన బోర్డు మీద ఒక ఫోటో వచ్చింది. జార్జిటౌన్‌లో ఒక పాత సత్రం తలవాకిలి. చెక్కుడు పని ఉన్న ద్వారబంధం, రెండు వైపులా తిన్నెలు, పైన గోడ మీద సున్నంతో ఎత్తుగా పోసిన తెలుగు అక్షరాలు. చాలా బాగుంది. ఇంతవరకు అంతమంది మెచ్చుకున్న ఫోటో ఇంకోటి రాలేదు. ఆ ఫోటో తీసిన స్నేహితురాలి అనుమతితోనే ఈ మాటలు రాస్తున్నాను. మా ఇద్దరికీ దీని మీద చాలాసేపు వాదన అయింది, ఇంకా అవుతూనే ఉంది.

ఆ వాకిలి నాకు తెలుసు. దాని ఎడమ తిన్నె మీద ఒక పూలమ్మే అక్క కూర్చుంటుంది. పొద్దున ఆరింటికే వస్తుంది. పక్కన ఒక కర్ర పాతి, దానికి అడ్డంగా ఇంకో కర్ర కట్టి, మల్లెలు, కనకాంబరాలు, మరువం కలిపి అల్లిన దండలు వేలాడదీస్తుంది. ఆమెకి ముందు ఆమె అత్తగారు అదే తిన్నె మీద కూర్చునేదని మా అమ్మ చెప్తుంది. ఆ ఫోటోలో ఆమె లేదు. దండలూ లేవు, కర్రా లేదు. ఆ పొద్దున ఆమె రాలేదేమో అనుకున్నాను. వచ్చిందట. ఫోటోలో కూడా పడిందట. "బిల్డింగే కదా నేను చూపించాలనుకున్నది, ఆమె ఉంటే చూపు అటే పోతోంది, అందుకని తీసేశాను" అంది నా స్నేహితురాలు. దాచాలని చూడలేదు, అడిగితే వెంటనే చెప్పింది. తప్పు పని అనే ఆలోచనే ఆమెకి రాలేదు, ఎందుకంటే ఫోన్‌లో ఆ పనికి మంత్రం అని పేరు పెట్టి ఇచ్చారు. మ్యాజిక్ ఎరేజర్ 2021లో ఒక ఖరీదైన ఫోన్‌తో వచ్చింది. 2024 మే నుంచి గూగుల్ ఫోటోస్ వాడే అందరికీ ఉచితం చేశారు. వేరే కంపెనీల ఫోన్లలోనూ ఇలాంటిదే ఉంది. వేలితో రుద్దితే చాలు.

ఆ పూలమ్మే అక్క కనిపించకపోవడం ముందు ఎవరికీ పట్టలేదు, ఆ వీధి తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టి. బయటపెట్టింది ఇంకోటి. ఫస్ట్ ఇయర్ చెల్లెలు ఒకతె బోర్డు ముందు నిలబడి గోడ మీద అక్షరాలు కూడబలుక్కుని చదువుతోంది. ధ, ర్మ, స అని అక్కడ ఆగిపోయింది. "అక్కా, ఇదేం అక్షరం?" అని అడిగింది. దగ్గరికి వెళ్ళి చూస్తే, ధర్మసత్రము అని ఉండాల్సిన చోట, 'స' తరువాత తకారానికి రావొత్తు ఉండాల్సిన దగ్గర, రెండు కొమ్ములు మొలిచిన సున్నలాంటిది ఒకటి ఉంది. దాని పక్కన ఇంకో మెలిక. అది తెలుగూ కాదు, తమిళమూ కాదు, దూరం నుంచి చూస్తే అక్షరంలా ఉండే మచ్చ. జరిగింది ఏమిటంటే, పూలదండల కర్ర ఆ చివరి అక్షరాలకి కొంచెం అడ్డంగా ఉంది. దండలు చెరిపితే వెనకాల ఏముందో ఫోన్‌కి తెలీదు కదా. చుట్టూ ఉన్న సున్నం గీతలు చూసి, ఇలాంటివే ఇంకొన్ని అయి ఉంటాయని గీసేసింది.

చాలా వేగంగా చదివేవాళ్ళం మనం ధర్మస అని చూడగానే మిగతాది మనసులోనే పూర్తి చేసుకుంటాం. ఒత్తులు కొత్తగా నేర్చుకున్న పిల్ల ఒక్కో అక్షరం తడిమి చదివింది కాబట్టి పట్టుకుంది. ఇది నవ్వుకుని వదిలేసే సంగతి అని నాకు అనిపించడం లేదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం చదవడం తప్పనిసరి అయింది. తమిళం చదవడం మనకి నష్టం కాదు, మనం పుట్టి పెరిగిన ఊరి భాష అది. కానీ ఆ వరసలో మనలో చాలామందికి తెలుగు ఇంట్లో మాటగానే మిగిలింది. అక్షరాలు అమ్మమ్మ దగ్గరో, ఇక్కడ పార్ట్ వన్ క్లాసులోనో దిద్దుకున్నవాళ్ళు మన బెంచీల్లోనే ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి. అలాంటి మనకి ఊళ్ళో గోడల మీద అక్కడక్కడా మిగిలిన తెలుగు అక్షరాలు ఒక ఆధారం. ఇక్కడ మనవాళ్ళు సత్రాలు కట్టారు, అచ్చాఫీసులు నడిపారు, పత్రికలు వేశారు అని పుస్తకంలో చదువుకుంటాం. వీధిలో చూపించమంటే చూపించడానికి ఆ సున్నపు అక్షరాలే ఉన్నాయి. అవి కూడా మేడ కూలగొట్టినప్పుడల్లా కొన్ని పోతున్నాయి. రేపు ఆ సత్రం కూడా పడగొడితే, ఆ రెండు కొమ్ముల సున్న ఉన్న ఫోటోయే మిగిలితే?

దండల వెనక దాక్కున్న అక్షరంతో చిక్కు లేదు. దాక్కుందని చూసేవాళ్ళకి తెలుస్తుంది. సాయంత్రం దండలు అమ్ముడుపోయాక వెళ్తే కనిపిస్తుంది కూడా. చెరిపిన చోట పుట్టిన అక్షరం అలా కాదు. లోపం ఉందన్న జాడే లేకుండా అబద్ధం చెప్తుంది. ఇక పూలమ్మే అక్క విషయం. ఆ ప్రింటు నేను ఆమెకి చూపించలేదు. చూపిస్తే ఏమని చెప్పాలి? నీ తిన్నె చాలా అందంగా ఉంది అక్కా, నువ్వే అడ్డంగా ఉన్నావ్ అనా?

నా స్నేహితురాలి వాదన కూడా రాయాలి, అది తేలిగ్గా కొట్టేసేది కాదు. ఆమె అంటుంది, "నువ్వు ఫ్రేమ్ పెట్టేటప్పుడు పక్కనున్న చెత్తకుండీని వదిలేసి తీస్తావు కదా, అది చెరపడం కాదా? నువ్వు కాళ్ళతో చెరిపావు, నేను వేలితో చెరిపాను." మాట బాగుంది. నేను చాలా రోజులు ఆలోచించాను. కాళ్ళతో జరిగితే నేను నిలబడ్డ చోటు నుంచి కనిపించిందే ఫోటోలో ఉంటుంది. అంచు బయట ఇంకేదో ఉందని చూసే ప్రతివాళ్ళకీ తెలుసు, లోకం నాలుగు గీతల దగ్గర ఆగిపోదు కాబట్టి. చెరిపినప్పుడు అంచు లోపలే, నడి మధ్యలో, ఇక్కడ ఎవరూ లేరు అని చెప్తున్నాం. కర్ర అడ్డంగా ఉంటే ఇంకో పక్కకి వెళ్ళి తీయొచ్చు. ఇంకో పక్క నుంచి కుదరకపోతే, ఆ వాకిలి ఆ పూలు లేకుండా కుదరదనే అర్థం. అదే ఆ ఫోటో విషయం.

ఇంకో వాదన ఉంది, దానికి నేను సగం లొంగుతాను. వీధిలో తీసేటప్పుడు ఎవరో ఆడవాళ్ళు ఫ్రేములో పడతారు. వాళ్ళకి అది ఇష్టం ఉండకపోవచ్చు. కాలేజీ బోర్డు మీద వాళ్ళ మొహం పెట్టడం కన్నా తీసెయ్యడమే మర్యాద కదా అంటారు. మర్యాదే. మనం కూడా ఎవరి ఫోన్లోనో తెలియకుండా పడితే ఎలా ఉంటుందో మనకి తెలుసు. కానీ దానికి దారులు ఉన్నాయి. ఒక్క నిమిషం ఆగితే దాటిపోతారు. కూర్చుని ఉన్నవాళ్ళయితే అడగొచ్చు. "అక్కా, ఒరు ఫోటో ఎడుక్కట్టుమా?" అని తమిళంలో ఒక్క ముక్క. వద్దంటే వద్దు, నవ్వి వచ్చేస్తాం. చాలామంది ఊ అంటారు, కొంగు సర్దుకుంటారు, అప్పుడు ఫోటో కొంచెం బిగుసుకుపోతుంది, అది వేరే సంగతి. అడగడానికి వీల్లేకపోతే మొహాన్ని మసకగా చెయ్యండి, మసక చేసినట్టు అందరికీ తెలిసేలా. అక్కడ ఒక మనిషి ఉంది, ఆమె ఎవరో మేము చూపించడం లేదు అని చెప్పడం మర్యాద. ఎవరూ లేరు అనడం వేరే.

పెద్దవాళ్ళకీ ఈ గొడవ తప్పలేదు. ఆకుపచ్చ కళ్ళ అఫ్ఘాన్ అమ్మాయి ఫోటో మీరంతా చూసే ఉంటారు, 1985లో నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీద వచ్చింది. అది తీసిన స్టీవ్ మెక్‌కరీ క్యూబాలో తీసిన ఒక ఫోటోని 2016లో ఇటలీలో ప్రదర్శనకి పెడితే, చూడటానికి వచ్చిన ఒకాయన స్తంభం ముక్క ఒకటి ఉండకూడని చోట ఉందని గమనించాడు. సరిగ్గా చెరపలేదు. తరువాత జనం ఆయన పాత ఫోటోలన్నీ వెతికి, మనుషుల్ని తీసేసినవి ఇంకా కొన్ని బయటపెట్టారు. తాను వార్తల ఫోటోగ్రాఫర్ని కానని, బొమ్మలతో కథ చెప్పేవాణ్ణని ఆయన జవాబిచ్చాడు. కావచ్చు. కానీ ఆ ఫోటోల్లో చాలా వాటిని మనలాంటివాళ్ళు మన వీధులు ఇలా ఉంటాయి కాబోలు అని నమ్మి చూశాం. వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో అయితే నిబంధన సూటిగా ఉంటుంది. వెలుగు నీడలు దిద్దుకోవచ్చు, ఉన్నది తియ్యకూడదు, లేనిది పెట్టకూడదు. కెమెరాలో పడ్డ అసలు ఫైలు తెప్పించుకుని పోల్చి చూస్తారు. 2015లో చివరికి ముందు రౌండు దాకా వచ్చిన వాటిలో దాదాపు ఐదో వంతు ఇలాగే పోయాయి. మన బోర్డు పోటీ కాదు, మనకి అసలు ఫైళ్ళు చూసే జడ్జీలు లేరు. అందుకే మాట మీద నడవాలి.

చెరపడం గురించి చెప్తున్నా కాబట్టి ఇంకోటి కూడా. మన మొహాల సంగతి. చాలా ఫోన్లలో సెల్ఫీ కెమెరా తెరవగానే బ్యూటీ మోడ్ ముందే పెట్టి ఉంటుంది. అది మచ్చలు తీసేసి, బుగ్గలు నున్నగా చేసి, రంగు ఒక మెట్టు తేలుస్తుంది. ఫెయిర్ అండ్ లవ్లీ పేరు 2020లో మార్చారు, ఫోన్‌లో ఆ బుద్ధి మారలేదు. మొన్న తెలుగు భాషా దినోత్సవానికి తీసిన గ్రూప్ ఫోటోలో మనం పదహారు మందిమీ ఒకే మైదాపిండితో చేసినట్టు ఉన్నాం. సెట్టింగ్‌లోకి వెళ్ళి ఒకసారి ఆపెయ్యండి. దీని మీద ఎక్కువ రాయను, ఇది ఇంకో వ్యాసం.

వీధిలో చెరిపేవాటిలో మనుషుల తరువాత ఎక్కువ పోయేవి తీగలూ మెట్రో బారికేడ్లూ. లజ్ దగ్గర, కచేరి రోడ్డులో రెండో దశ మెట్రో పనులు జరుగుతున్నంత కాలం అక్కడ ఏం తీసినా బారికేడ్ పడుతుంది. చెరిపేస్తే మైలాపూరు బాగా కనిపిస్తుంది, నిజమే. కానీ అది ఏ సంవత్సరం మైలాపూరు? పదేళ్ళ కిందటిది అన్నా నమ్మొచ్చు. రోజూ తీసే ఫోటోకి ఉన్న విలువ అంతా అది ఆ రోజుది కావడంలోనే ఉంది. కొత్వాల్ చావడి మార్కెట్ 1996లో కోయంబేడుకి పోయింది. అంతకు ముందు ఏడాది ఏ అమ్మాయైనా ఆ వీధుల్లో రోజుకో ఫోటో తీసి దాచి ఉంటే, ఇవాళ మనం దాంట్లో ఏం వెతుకుతాం? మేడల అందం వెతకం. బస్తాలు మోసేవాళ్ళు, తోపుడు బళ్ళు, అంగడి పేర్లు, నేల మీద తొక్కిన క్యాబేజీ ఆకులు. అన్నీ ఇవాళ మనం డిస్టర్బెన్స్ అని రుద్దేసేవే.

ఆడపిల్ల వీధిలో నిలబడి ఫోటో తీయడం గురించి కూడా ఒక మాట. మనం ఫోటోలో ఉంటే ఎవరికీ ఆశ్చర్యం లేదు, మనం తీస్తుంటేనే ఆశ్చర్యం. "ఎందుకమ్మా తీస్తున్నావ్, ఏ పేపరు?" అని అడుగుతారు. ఇద్దరు కలిసి వెళ్తే తక్కువ అడుగుతారు. మన దేశంలో వార్తల ఫోటోలు తీసిన మొదటి మహిళ అని చెప్పే హోమాయ్ వ్యారావాలా చీర కట్టుకుని, పెద్ద కెమెరా మోసుకుని ఢిల్లీ అంతా సైకిల్ మీద తిరిగింది. ఆమె తొలి రోజుల ఫోటోలు కొన్ని భర్త పేరుతో అచ్చయ్యాయి. 1913లో పుట్టిన ఆమెకి పద్మవిభూషణ్ వచ్చింది 2011లో, అంటే 98వ ఏట దాకా ఆగాల్సొచ్చింది. తీసిన మనిషి పేరే చెరిగిపోయే రోజుల నుంచి వచ్చిన పని ఇది. కాబట్టి మన ఫోటోల్లోంచి ఇంకో ఆడమనిషిని, అందులోనూ పొద్దున ఆరింటికే వచ్చి పనిచేసుకునే ఆమెని, మనమే చెరపడం నాకు మరీ మింగుడుపడటం లేదు.

ఇక నేను అడిగేది చిన్న పని. అతికించే ప్రతి ఫోటో కింద ఒక చీటీ పెడదాం, తెలుగులో, చేత్తో రాసింది. ఏ వీధి, ఏ తేదీ, ఎన్నింటికి. ఏం దిద్దారు. ఎవరి ఫోటో అయినా మొహం కనిపిస్తే, అడిగారా లేదా. అంతే. నేను రేపు పెట్టే దాని కింద ఇలా రాశాను: "టంకసాల వీధి, ఉదయం 7:10. కుడి పక్క కొంచెం కోశాను, నీడలు తేల్చాను, గోడ వంకర సరిచేశాను. ఏమీ చెరపలేదు. టీ కాచే అన్నని అడిగే తీశాను." ఆకాశం మార్చాలని అంత సరదాగా ఉంటే మార్చండి, చీటీలో ఆకాశం నాది అని రాయండి. ఎవరూ ఏమీ అనరు.

ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో ఫస్ట్ ఇయర్ వాళ్ళు చూసి పెడతారు, వాళ్ళు నాకు మాటిచ్చారు. చీటీలు కోసి, పిన్నులతో సహా బోర్డు కింద అట్టపెట్టెలో పెట్టాను. చీటీ పెడితే బోర్డు మీద చోటు చాలదని ఇప్పటికే ఒకరిద్దరు అన్నారు. ఫోటో కొంచెం చిన్న సైజులో ప్రింటు వేయించండి. జిరాక్స్ అన్నని అడిగాను, దానికి రెండు రూపాయలు తక్కువే తీసుకుంటాడు.